మెట్ల కింద నుంచి తీసిన పెళ్లి: చర్చి లోపల ఒక ఫొటోగ్రఫీ కేస్ స్టడీ

సికింద్రాబాద్ వైపు ఒక పాత క్యాథలిక్ చర్చిలో జరిగిన పెళ్లి ఇది. రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. చర్చి పేరు, తేదీ, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కెమెరా లెక్కలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంచాను. నేను తప్పు చేసింది అక్కడే, నేర్చుకుందీ అక్కడే.

నేపథ్యం

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో పెళ్లిళ్లు తీస్తున్నాను. మొదటి ఆరేడేళ్లు ఎక్కువగా ఫంక్షన్ హాళ్లే. మండపం చుట్టూ నాలుగు వైపులా తిరగొచ్చు, పీట మీద మోకాలు ఆనించి క్లోజప్ తీయొచ్చు. "పంతులుగారూ, ఒక్క నిమిషం, తాళి ఇటు చూపించండి" అంటే ఆయన కూడా నవ్వుతూ చూపిస్తారు. ఆ అలవాటుతో చర్చిలోకి అడుగుపెడితే చిక్కే. అక్కడ జరిగేది పూజ, పెళ్లి అందులో ఒక భాగం. ఫొటోగ్రాఫర్ కోసం పూజ ఆగదు, ఆగకూడదు కూడా.

కంటోన్మెంట్ చుట్టుపక్కల పాత చర్చిలు చాలా ఉన్నాయి. బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది, సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ 1850 నాటిది, తిరుమలగిరి ఆల్ సెయింట్స్ 1860 నాటిది. కరెంటు దీపాలు రాకముందు, మన ఎండలు తట్టుకునేలా కట్టిన గోడలు అవి. మందంగా ఉంటాయి, కిటికీలు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. ఏప్రిల్‌లో లోపల కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది కానీ కెమెరాకు వెలుతురు చాలదు. ఈ కేసులోని చర్చి కూడా ఆ తరహాదే. పీఠం తూర్పు వైపు, పెద్ద తలుపు పడమటి వైపు.

సమస్య

పెళ్లికూతురి నాన్నగారు మొదటి రోజే ఒక జాబితా చేతికిచ్చారు. ఉంగరాల క్లోజప్, మూడు ముళ్లూ విడివిడిగా, పైనుంచి జిమ్మీ జిబ్ (కెమెరా బిగించిన పొడవాటి క్రేన్) షాట్, పీఠం వెనక నుంచి జనమంతా కనిపించేలా ఒకటి. "ఒక్కతే కూతురు బాబూ, ఏదీ తగ్గకూడదు" అన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. బంధువుల పెళ్లి ఆల్బమ్‌లలో చూసినవే అడిగారు.

తర్వాత ఫాదర్ గారిని కలిశాను. ఆయన షరతులు నాలుగే. ఫ్లాష్ వద్దు. పీఠం మెట్లు ఎక్కొద్దు. ఫొటోలకు ఒకరు, వీడియోకు ఒకరు, అంతే. అప్పద్రాక్షారసాల అర్పణ మొదలైనప్పటి నుంచి అందరూ దివ్యసత్ప్రసాదం (ఆశీర్వదించిన అప్పం) తీసుకునేవరకు కెమెరా కిందికి దించాలి.

ఎందుకని అడిగాను. వాదించడానికి కాదు, కారణం తెలిస్తే ఎంతవరకు సర్దుకోవచ్చో తెలుస్తుందని. అంతకుముందు ఒక పెళ్లిలో కెమెరా అబ్బాయి బలిపీఠానికి ఆనుకుని నిలబడి, సంచి దాని మీదే పెట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఫాదర్ గారి గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఆ నియమం తన సొంతం కాదని కూడా చెప్పారు. 1967 మే 25న వాటికన్ ఇచ్చిన 'యూకరిస్తికుమ్ మిస్తీరియుమ్' అనే ఉపదేశపత్రంలోనే ఈ సంగతి ఉంది. ఫొటోల వల్ల పూజకు ఆటంకం రాకూడదు, తగిన కారణం ఉంటే చాలా జాగ్రత్తగా తీయాలి, స్థానిక బిషప్ పెట్టిన నియమాలు పాటించాలి అని దాని సారాంశం. అంటే తీయొద్దని కాదు. ఎలా తీయాలో చెప్పిన మాట అది. అది విన్నాక నాకు పని సులువైంది. సంఘాన్ని బట్టి ఈ పద్ధతి మారుతుంది. కొన్ని ప్రొటెస్టెంట్ చర్చిలలో అయ్యగారే "ముందుకు రా బాబూ" అని పిలిచి తాళి చూపిస్తారు. అందుకే ఒక చర్చిలో నడిచిన పద్ధతి ఇంకో చర్చిలో నడుస్తుందనుకోకూడదు.

మొదటి నిర్ణయం: ఎవరి పక్షం?

డబ్బులిచ్చేది కుటుంబం, తలుపు తెరిచేది ఫాదర్ గారు. మధ్యలో ఉన్న ఫొటోగ్రాఫర్లు మామూలుగా ఏం చేస్తారంటే, ఇద్దరికీ సరే అనేసి ఆ రోజు దొరికినంత లాక్కుంటారు. నేనూ ఒకప్పుడు అలా చేసినవాణ్నే. ఈసారి అలా వద్దనుకున్నాను. పూజ మధ్యలో ఫాదర్ గారు మైకులో నా పేరు పెట్టి ఆపితే, ఆ అమ్మాయికి జీవితాంతం గుర్తుండేది అదే.

నాన్నగారితో రెండోసారి కూర్చుని జాబితాను మూడు ముక్కలు చేశాను: పూజలో వచ్చేవి, పూజ అయ్యాక తీసుకోగలిగేవి, అసలు వీలుకానివి. జిబ్ మూడో దాంట్లోకి పోయింది. ఆయన ముఖం చిన్నబోయింది. "అంకుల్, జిబ్ తిరుగుతుంటే అందరూ పైకే చూస్తారు. మీ అమ్మాయి ప్రమాణం చెప్పేటప్పుడు అందరూ తనని చూడాలా, క్రేన్‌ని చూడాలా?" అని అడిగాను. కాసేపు ఆగి, "సరే, నువ్వు చెప్పినట్టే కానీ" అన్నారు. దాని డబ్బులు బిల్లులో తగ్గించాను. ఆ పని చేయకపోతే నా మాట మీద ఆయనకు నమ్మకం కుదిరేది కాదు.

ఎక్కడ నిలబడాలి

ఫొటోలకు ఒక్క మనిషికే అనుమతి కాబట్టి, ఒక్క చోటే ఎంచుకోవాలి. పీఠం వైపు తిరిగి నిలబడితే పెళ్లికూతురు ఎడమన, అబ్బాయి కుడిన ఉంటారు. ప్రమాణాలప్పుడు ఒకరివైపు ఒకరు తిరుగుతారు. ఎడమ నుంచి తీస్తే అబ్బాయి ముఖం, కుడి నుంచి తీస్తే అమ్మాయి ముఖం. నడి దారిలో నిలబడితే ఇద్దరి వీపులూ, ఎదురుగా ఫాదర్ గారూ. నేను వాళ్లిద్దరినే అడిగాను. అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "తనదే తీయండన్నా" అన్నాడు.

పాటల బృందం కూర్చునేది కుడి వైపు, మెట్ల కిందే. వాళ్ల బల్ల చివర ఒకరికి చోటుంది. నల్ల చొక్కా వేసుకుని అక్కడ కూర్చుంటే వాళ్లలో ఒకడిలా కలిసిపోతాను, లేచి తిరగక్కర్లేదు. ఫాదర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. మెట్లు ఎక్కకుండానే మెట్ల పక్కనే చోటు దొరికింది.

ముందు రోజు సాయంత్రం రిహార్సల్ జరిగింది. ఎవరెక్కడ నిలబడతారో చూసుకుందామని వెళ్లాను. నా చోటు నుంచి చూస్తే తాళి కట్టేటప్పుడు అబ్బాయి భుజం అమ్మాయి మెడను పూర్తిగా కప్పేస్తోంది. దానికి తోడు ముసుగు పైకెత్తడానికి అబ్బాయి అక్క కూడా నా వైపు నుంచే వస్తోంది. "అక్కా, మీరు అటు పక్క నుంచి ముసుగు పడతారా?" అన్నాను. అబ్బాయిని అమ్మాయి వెనక్కి అరడుగు జరిగి కట్టమన్నాను. ఇలా మార్చడం ఫాదర్ గారికి అభ్యంతరమేమోనని ముందు ఆయన్నే అడిగాను. "తాళి ఎటు నుంచి కట్టినా తాళే నాన్నా" అన్నారు. ఆ మార్పుతో అమ్మాయి ముఖం, మెడ, అబ్బాయి చేతులు, ఆమె భుజం మీదుగా అతని ముఖం, అన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి.

రిహార్సల్‌లో నా కెమెరా సంచిలోనే ఉండిపోయింది. ఈ కేసులో పెద్ద తప్పు అదే.

ఏం బెడిసికొట్టింది

వెలుతురు కొలతలు అంతకు వారం ముందే తీసుకున్నాను, పొద్దున పదకొండింటికి. పూజ అయిపోయి దీపాలన్నీ ఆపేసి ఉన్నాయి. కిటికీల వెలుతురు, తెరిచిన తలుపు, అంతే. లెన్స్ తెరుపు ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 1/200 వంతు, వెలుతురు పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 3200 సరిపోయింది. ఫాదర్ గారికి చప్పుడు ఉండదని మాటిచ్చాను కాబట్టి సైలెంట్ షట్టర్‌తో నాలుగు ఫ్రేములు తీశాను, శుభ్రంగా వచ్చాయి.

పెళ్లి సాయంత్రం నాలుగింటికి. పాట మొదలైంది, తలుపు తెరుచుకుంది, తెల్ల చీరలో అమ్మాయి నాన్నగారి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఇరవై ముప్పై ఫ్రేములు తీసి స్క్రీన్ చూశాను. చీర కుచ్చిళ్ల మీద అడ్డంగా వేలెడు వెడల్పున గోధుమరంగు చారలు. ఒకటి కాదు, మూడు నాలుగు. తలుపు బయట ఉన్న అసిస్టెంట్ తమ్ముడు తన కెమెరా తెర మీద చూసి వాట్సాప్ కొట్టాడు: "అన్నా, గీతలొస్తున్నయ్ చూడు."

కారణం తెలిసిందే. పీఠం పైన, నడి దారి పొడవునా కొత్తగా ఎల్ఈడీ దీపాలు పెట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అలాంటి దీపాలు సెకనుకు వందసార్లు ఎక్కువ తక్కువ అవుతాయి. కంటికి తెలియదు. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ ఫొటోను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. ఒక వరుస చదివేటప్పుడు దీపం ప్రకాశంగా, ఇంకో వరుసకు మసకగా ఉంటుంది. అవే చారలు. పొద్దున కొలతల్లో ఆ దీపాలు వెలగలేదు. రిహార్సల్‌లో వెలిగాయి కానీ కెమెరా సంచిలో ఉంది.

ఆ క్షణంలో ముందున్నవి రెండు దారులు. తెర నిజంగా కదిలే మెకానికల్ షట్టర్‌కు మారితే చారలు చాలావరకు పోతాయి, చప్పుడు వస్తుంది. సైలెంట్‌లోనే ఉండి షట్టర్‌ను 1/100కి దించితే, ప్రతి వరుసా దీపం ఒక పూర్తి హెచ్చుతగ్గు అంతసేపు వెలుతురు తీసుకుంటుంది కాబట్టి చారలు కలిసిపోతాయి. కానీ నడుస్తున్న మనిషి 1/100లో కదిలినట్టు పడొచ్చు.

కాబట్టి పాట ఉన్నంతసేపు ఒకటి, పాట ఆగాక ఇంకొకటి అనుకున్నాను. నడక సాగుతున్నప్పుడు కీబోర్డు, డ్రమ్స్, ముప్పై మంది గొంతులు. నా పక్కనున్న అమ్మాయికి కూడా షట్టర్ వినపడదు. మెకానికల్, దీపం ప్రకాశంగా ఉన్న క్షణానికే షట్టర్ పడేలా చూసే యాంటీ ఫ్లికర్ ఆన్, 1/200. అమ్మాయి చివరి పది అడుగులు అలా దొరికాయి. మొదటి అడుగులు పోయాయి. తలుపులో నిలబడి, వెనక సాయంత్రపు ఎండతో లోపలికి చూసిన ఆ క్షణం చారల్లోనే ఉండిపోయింది.

మొదటి బైబిల్ పఠనం జరుగుతుండగా ఏ ఫొటో తీయలేదు. ఆ రెండు నిమిషాలు తల వంచుకుని రెండో సెట్టింగ్ తయారు చేసుకున్నాను: సైలెంట్, 1/100, ఐఎస్ఓ 1600. షట్టర్ నెమ్మదించింది కాబట్టి ఐఎస్ఓ సగానికి తగ్గింది, అది లాభమే. కెమెరా మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద ఉంది కాబట్టి చేతి వణుకు భయం లేదు. తెల్ల చీర మీద కొలిస్తే కెమెరా దాన్ని బూడిద రంగులోకి లాగేస్తుంది, అందుకని అమ్మాయి బుగ్గ ఒక్కదాని మీదే వెలుతురు కొలిచి (స్పాట్) ఎక్స్‌పోజర్ చేత్తో బిగించాను.

ప్రసంగం మొదలయ్యాక పరీక్షగా ఒక ఫ్రేమ్ తీస్తే చారలు పోయాయి. కానీ అబ్బాయి చెంప మీద వెంట్రుకంత సన్నని గీతలు మిగిలాయి. స్తంభం పక్కన వీడియో తమ్ముడి చిన్న ప్యానెల్ లైటు, ఇరవై శాతానికి తగ్గించి పెట్టాడు. అలాంటి లైట్లు చాలా వాటిలో వెలుతురు తగ్గించడమంటే చాలా వేగంగా ఆన్ ఆఫ్ చేయడమే, దానికి 1/100 మందు పనిచేయదు. ఫుల్ పెడితే గీతలు పోతాయి కానీ ముందు వరుసలోని పెద్దవాళ్ల కళ్లలో పడుతుంది. పక్క దారిలో నెమ్మదిగా నడిచి వెళ్లి చెవిలో చెప్పాను: "తమ్మీ, ఆపెయ్. ఐఎస్ఓ పెంచుకో." ఆపేశాడు. వీడియోలో కొంచెం నాయిస్ (గరుకు చుక్కలు) వచ్చింది. ఆ బాధ్యత నాదేనని నాన్నగారికి తర్వాత చెప్పాను.

ఏది పనిచేసింది

ప్రమాణాలు అనుకున్నట్టే వచ్చాయి. చర్చి అంతా నిశ్శబ్దం. ఫ్యాన్ల చప్పుడు, బయట బస్సు హారన్, అంతే. అబ్బాయి గొంతు మధ్యలో ఆగిపోయింది. అమ్మాయి అతని వేళ్లు గట్టిగా పట్టుకుంది, బొటనవేలితో అతని చేతి వెనక రెండుసార్లు రుద్దింది. అది పాటల బల్ల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కనపడేది కాదు. చప్పుడు లేకుండా తొమ్మిది ఫ్రేములు తీశాను. ఆగకుండా వరసగా తీసే బరస్ట్ పెట్టలేదు. నా వేలు ఆత్రంగా కదిలితే పక్కవాళ్ల కళ్లు నా మీదికి తిరుగుతాయి.

తాళి దగ్గర సగమే గెలిచాను. పూజకు ముందు ఫాదర్ గారు "ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి, అందరికీ ఫొటోలు వస్తాయి" అని చెప్పారు. చాలామంది విన్నారు. అయినా తాళి ఆశీర్వదించగానే ఒక పెద్దాయన ఫోన్ ఎత్తి పట్టుకుని నాకూ వాళ్లకూ మధ్యకు వచ్చేశారు. లేచి పక్కకు జరగమనొచ్చు, లేదా మెట్టు మీదికి ఒక్క అడుగు వేయొచ్చు. మెట్టు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. ఎవరూ ఏమీ అనేవారు కాదేమో. కానీ నేను మాట ఇచ్చిన మెట్టు అది. కూర్చునే ఉన్నాను. మొదటి రెండు ముళ్లూ ఆయన వీపు వెనకే పడ్డాయి. మూడో ముడికి అబ్బాయి అక్క ఎడమ చేత్తో ముసుగు పట్టుకుని, కుడి చేత్తో ఆ పెద్దాయన భుజం తాకి పక్కకు జరిపింది. రిహార్సల్‌లో ఆమెకు నా చోటు తెలుసు కాబట్టే అలా చేసింది. ఆ ఒక్క ముడిలో అన్నీ ఉన్నాయి: సిలువ గుర్తున్న తాళి, పసుపు దారం, వంగిన తల, భుజం మీదుగా నవ్వు.

ఆ తర్వాత అర్పణ మొదలైంది. కెమెరా ఒళ్లో పెట్టుకున్నాను. ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తినప్పుడు చర్చి మొత్తం మోకరించింది. కిటికీ వెలుతురు సరిగ్గా అమ్మాయి ముఖం మీద పడుతోంది, ముంజేతితో కన్నీళ్లు తుడుచుకుంటోంది. నా లెన్స్ దగ్గర్నుంచి చూస్తే అడ్డం ఏమీ లేదు. సైలెంట్ షట్టర్, ఎవరికీ తెలియదు కూడా. తీయలేదు.

దీని మీద తోటి ఫొటోగ్రాఫర్లు నాతో వాదించారు, ఆ ఫ్రేమ్ ఆల్బమ్ ముఖచిత్రం అయ్యేదన్నారు. కావచ్చు. కానీ ఆ చర్చిలో నాకు ఆ చోటు దొరికింది ఆ మాట మీదే. పైగా ఆమె ఆ క్షణంలో పెళ్లికూతురిగా లేదు, ప్రార్థనలో ఉంది. తనని ఎవరూ చూడట్లేదన్న నమ్మకంతో ఏడుస్తున్న మనిషిని తీయడానికి నా దగ్గర సరిపడా కారణం లేదు.

పూజ తర్వాత

రిజిస్టర్ సంతకాలు సులువు. బల్ల, ట్యూబ్‌లైటు, ఎవరికీ తొందర లేదు. ఆ తర్వాత ఫాదర్ గారు పదిహేను నిమిషాలు ఇచ్చారు, ఫ్లాష్ కూడా వాడుకోమన్నారు. పీఠం ముందు కుటుంబాల గ్రూపులు ముందే రాసుకున్న వరుసలో పిలిచి పన్నెండు నిమిషాల్లో ముగించాను. అబ్బాయి మేనమామ "తాళి మళ్లీ పట్టుకుని ఒకటి తీయించు" అన్నారు. అమ్మాయి ఒప్పుకుంటే తీసేవాణ్నేమో, కానీ ఆమె తల అడ్డంగా ఊపింది. ఉంగరాల చేతులు మాత్రం బయట వసారాలో, సాయంత్రపు వెలుగులో విడిగా తీశాను. ఆల్బమ్‌లో దాన్ని పూజ పేజీల్లో కలపలేదు.

ఎడిటింగ్‌లో ఎక్కువ సమయం తిన్నది రంగులు. పీఠం దీపాలు 3000 కెల్విన్ చుట్టూ పసుపుగా, తలుపు వెలుతురు నీలంగా. సెన్సర్ పట్టిందంతా దాచే రా ఫైళ్లు కాబట్టి ముఖం వరకు ఒకలా, వెనక గోడకు ఒకలా సరిచేయగలిగాను. చారలు పడ్డ ఫ్రేముల్ని నలుపు తెలుపు చేసి చూశాను. రంగు పోయింది కానీ వెలుగునీడల చారలు అలాగే ఉన్నాయి. తీసేశాను. వాటి బదులు అసిస్టెంట్ తమ్ముడు తలుపు బయట నుంచి తీసిన ఫొటో పెట్టాను, అమ్మాయి వీపు, ఎదురుగా చీకటి చర్చి, దూరంగా పీఠం దీపాలు.

ఇప్పుడు ఎలా చేస్తున్నాను

చర్చి పెళ్లి ఒప్పుకునే ముందు ఫాదర్ గారిని గానీ పాస్టర్ గారిని గానీ నేనే కలుస్తాను, కుటుంబం ద్వారా కబురు పంపను. పూజ క్రమం కాగితం అడిగి తీసుకుని, ప్రతి ఘట్టం పక్కన పాట ఉందా, నిశ్శబ్దమా అని రాసుకుంటాను. ఏ షట్టర్ ఎక్కడ వాడాలో ఆ కాగితమే చెబుతుంది. ఆ రెండు సెట్టింగులూ కెమెరా డయల్ మీద విడివిడిగా పెట్టి ఉంచుతాను. చూడ్డానికి వెళ్లినప్పుడు పెళ్లి గంటకే వెళ్తాను. దీపాల స్విచ్చులు వేసే మనిషిని వెతికి, ఆ రోజు వెలిగేవన్నీ వెలిగించమని అడిగి, సైలెంట్‌లో తెల్ల గుడ్డ మీద పది ఫ్రేములు తీస్తాను. తెల్ల గుడ్డ మీద చార దాక్కోలేదు. వీడియోవాళ్ల లైటు కూడా అప్పుడే చూస్తాను. రిహార్సల్‌కు కెమెరా బయటపెట్టే వెళ్తున్నాను. ముసుగు పట్టేవాళ్లు ఎవరో కనుక్కుని నా చోటు చూపిస్తాను. ముందు వరుసలో కుర్రాడొకడికి ఫోన్లతో లేచేవాళ్లను మెల్లగా కూర్చోబెట్టే పని అప్పజెప్పమని కుటుంబానికి చెబుతాను.

ఆల్బమ్ ఇచ్చిన రోజు నాన్నగారు పేజీలు తిప్పుతూ, "అర్పణప్పుడు అమ్మాయి ఏడ్చింది కదా, అది లేదేం బాబూ?" అన్నారు. కెమెరా కింద పెట్టానని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మూడో ముడి పేజీ దగ్గరికి వెనక్కి తిప్పి, అమ్మాయి అమ్మను వంటింట్లోంచి పిలిచారు.